నీడ గీత

మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టుకునే జాగాలో కూతురు ఇనుపగొట్టం నిలబెట్టి తీగలు కట్టిందని తాజ్‌బీ రోజూ సాయంత్రం ఒకసారి గొణుక్కుంటుంది. చాటలోకి మిరపకాయలు ఎత్తుకుని కిందికి దిగేసరికి ఆ గొణుగుడు అయిపోతుంది, చాయ్ మొదలవుతుంది. గొట్టం కొసన ఉన్నది యాంటెన్నా. దాన్నుంచి నల్లటి కేబుల్ కిటికీలోంచి గదిలోకి దిగి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన డబ్బీలో దూరి, అక్కణ్ణుంచి నిఖత్ లాప్‌టాప్‌కు చేరుతుంది. వనపర్తి పాలిటెక్నిక్‌లో పిల్లలకు ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పి, బస్సులో కొత్తకోట చేరి, బురఖా విప్పి కొక్కేనికి తగిలించి ఆమె కూర్చునేది ఆ తెర ముందే.

హ్యామ్ లైసెన్సు చేతికొచ్చి ఏడాది కాలేదు. కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్లకు ఉండేలాంటి నిష్ఠ ఉంది ఆమెకు. సర్కారువారి పరీక్ష రాసి, అనుమతి పొంది, తమకు కేటాయించిన నంబర్ల మేరలో, అంటే తమ బ్యాండులో, ఊరికీ ఊరికీ మధ్య మాట్లాడుకునే సరదా మనుషులు హ్యాములు. వాళ్లలో పెద్దవాళ్లకు పాత రేడియో అంటే ప్రాణం. పాత రేడియోలో ముల్లు ఎక్కడుంటే అదొక్కటే వినపడుతుంది. నిఖత్ డబ్బీకి ముల్లు లేదు. యాంటెన్నాకు తగిలినదాన్నల్లా అది అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు పోస్తుంది. అందులోంచి కావాల్సింది ఏరడం, అక్కర్లేనిది వడగట్టడం, మాటగా మార్చి స్పీకర్‌లో వినిపించడం, అంతా ప్రోగ్రాం పని. ఒకప్పుడు ఇనుపపెట్టెడు సామాను చేసిన పనిని ఇప్పుడు లెక్కలు చేస్తాయి. అందుకే దాన్ని సాఫ్ట్‌వేర్ రేడియో అన్నారు. అన్నిటికంటే వింత, ఇందులో వినడానికి ముందే చూడొచ్చు. తెర మీద పైనుంచి కిందికి నీలంగా వాన జారుతున్నట్టు ఉంటుంది. ఎవరైనా మాట్లాడగానే ఆ నీలంలో పసుప్పచ్చని గీత పడుతుంది. గీత మీద నొక్కితే గొంతు.

గురువారం సాయంత్రం అలా ఒక గీత పడింది.

హ్యాముల బ్యాండు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిఖత్‌ను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. గీత ఆ హద్దు లోపలే ఉంది. నొక్కి చూసింది. “ధీరే, ధీరే... ఔర్ థోడా... బస్, రోకో” అని ఒక మగ గొంతు, మెల్లగా, ఇంకొంచెం, చాలు, ఆపు అని ఉర్దూలో; వెనక ఏదో ఇంజను రొద. హ్యామ్ అన్నవాడు నోరు తెరవగానే ముందు తన కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన గుర్తుపేరు, చెప్పుకోవాలి. ఈ మనిషి ఆ మర్యాద పాటించలేదు. గీత ఆగింది, మళ్లీ పడింది. మళ్లీ అదే గొంతు. నిఖత్ రికార్డు మీట నొక్కింది. గీతలు బాగా కనపడేలా తమ బ్యాండున్న మేరకు తెరను పెద్దది చేసి ఫొటో తీసింది. ‘మన బ్యాండులో లైసెన్సు లేనివారెవరో మాట్లాడుతున్నారు’ అని రాసి, ఫొటోనూ గొంతునూ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

ఆ గ్రూపులో అంతవరకూ ఆమె పేరు పండగ శుభాకాంక్షల కిందే కనపడేది. క్లబ్బు మీటింగు ఎక్కడ జరిగినా చాయ్ సంగతి ఎవరో ఒకరు ఆమెనే అడిగేవారు. ఆ సాయంత్రం మాత్రం ఫోను ఊరుకోలేదు. బొటనవేళ్లు, చప్పట్లు, మీసాల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. కాసేపటికి కార్యదర్శి దేవరాజు స్వయంగా ఫోన్ చేశాడు. టెలిఫోన్ల కొలువులో రిటైరై వనపర్తిలో స్థిరపడ్డ మనిషి, క్లబ్బును సొంత ఇల్లులా చూసుకుంటాడు.

“మంచి పని చేసినవమ్మా. నలభై ఏండ్ల సంది రేడియోలు పట్టుకొని కూసున్నం, ఒక్కనికీ దొరకలె. ఉర్దూల ఏం మాట్లాడుతుండ్రు వాళ్లు?”

“ఏం లేదు సార్. ఏదో ఎత్తుతున్నరు, దించుతున్నరు. పని మాటలే.”

“పని మాటలైతే పని జాగల మాట్లాడుకోవాలె. మన బ్యాండ్ల ఏం పని? నేను పై ఆఫీసుకు రాస్త, పోలీసులకు గూడ పంపిస్త. నీ రికార్డింగు జత చేస్తున్న.”

నిఖత్ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఆమె ఏమీ ఆలోచించలేదనే చెప్పాలి. “సరే సార్,” అంది.

“ఇంకోటి. ఈ ఆదివారం గాక వచ్చే ఆదివారం గద్వాల్ల పిల్లలకు సాఫ్ట్‌వేర్ రేడియో గురించి చెప్పేది నువ్వే. నేను వేరేటోళ్లను అనుకున్న గాని, నువ్వే చెప్పాలె.”

ఆమెకు సంతోషమైంది. దాచుకోలేనంత సంతోషమైంది. తల్లి ఇచ్చిన చాయ్ చల్లారిపోయినా సంగతి తెలియలేదు.

*

మరుసటి వారం మధ్యలో, పొద్దున కాలేజీకి వెళ్లే బస్సు వనపర్తి దారి మళ్లే దగ్గర ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు. ఉల్లిగడ్డ లోడు లారీ ఒకటి రోడ్డు దిగి పల్లంలో పక్కకు ఒరిగి ఉంది. తెగిన సంచుల్లోంచి ఉల్లిగడ్డలు గడ్డిలోకి దొర్లాయి. రోడ్డంచున పసుప్పచ్చ క్రేను కాళ్లు చాపి నిలబడి ఉంది. బస్సు కిటికీలోంచి నిఖత్‌కు అంతా కనపడుతూనే ఉంది.

క్రేను నడిపేవాడికి పల్లం కనపడదు. పల్లంలో ఉన్నవాళ్లకు అతని చేయి కనపడదు. మధ్యలో రోడ్డంచున ఒక క్లీనరును నిలబెట్టారు. కింద నల్ల లుంగీ కట్టుకున్న మనిషి అరిస్తే, ఆ క్లీనరు తువ్వాలు ఊపి పైకి చెప్పాలి. అరుపు ఒకటైతే ఆగిపోయిన లారీల హారన్లు వంద. తువ్వాలు ఊపినా సందేహమే, ఊపకపోయినా సందేహమే. క్రేను రెండుసార్లు ఎత్తబోయి దించింది. మూడోసారి, కింద ఒక నడివయసు మనిషి లారీ చట్రం కింద, క్రేను కొక్కేనికి తగిలించే బెల్టు సరిచేస్తున్నాడు. తువ్వాలు ఎటు ఊగిందో ఏమో, క్రేను తీగ బిగుసుకుంది.

“రోకో, రోకో, రోకో,” అని నల్ల లుంగీ మనిషి గొంతు చించుకున్నాడు.

తీగ ఆగింది. బెల్టుకూ చట్రానికీ మధ్య ఇరుక్కున్న చేతిని ఆ నడివయసు మనిషి మెల్లగా బయటికి లాక్కుని, మోచేయి పట్టుకుని గడ్డిలో కూర్చున్నాడు. అరవలేదు. రెండు వేళ్ల మీంచి రక్తం ఉల్లిగడ్డల మీదికి కారింది. ఎవరో తువ్వాలు చింపి కట్టారు.

నిఖత్ చేతులు ముందు సీటు కమ్మీని పట్టుకుని ఉన్నాయి. ఆమెను పట్టుకున్నది రక్తం కాదు, ఆ ‘రోకో’. రికార్డింగులో ఎన్నిసార్లు విన్నదో ఆ గొంతు.

పక్క సీటులో వీపనగండ్ల వెళ్లే పెద్దావిడ ఉంది. ఆమె అడక్కుండానే చెప్పింది. “క్రేను యాసిన్ వాళ్లమ్మా. దినాం చేతుల మాట్లాడే సెట్లు పట్టుకొని మెల్లగ చేస్తుండిరి, ఒక్కనికి దెబ్బ తాకలె. మొన్న పోలీసోళ్లు సెట్లు పట్టుకపోయిండ్రట. ఎవలో కంప్లైంటిచ్చిండ్రు. ఇచ్చినోళ్లు సల్లగుండ.”

ఆఖరి మాట దీవెన కాదని నిఖత్‌కు తెలుసు. లైసెన్సు లేకుండా మాట్లాడితే పట్టుకోరా మరి అని మనసులో అనుకుంది. అనుకుంది గాని ఆ మాటలో బలం లేదు. కాలేజీలో ఆ రోజు ల్యాబులో ఏం చెప్పిందో ఆమెకు గుర్తులేదు.

*

సాయంత్రం గద్వాల పాఠానికి బొమ్మలు తయారు చేసుకోవడానికి కూర్చుంది. సాఫ్ట్‌వేర్ రేడియో గొప్పతనం చెప్పాలంటే రికార్డింగుకు మించింది లేదు. మామూలు రికార్డింగులో ఒక్క గొంతే దాచుకుంటాం. ఇందులో ఆ వేళ గాలిలో ఉన్న వెడల్పంతా దాచుకోవచ్చు. రేపు తెరిచి, నిన్న వినని మాటను ఇవాళ వినొచ్చు. పిల్లలకు అది చూపిద్దామని గురువారం నాటి రికార్డింగునే తెరిచింది. ఆ రోజు తమ బ్యాండు మేరకే పెద్దది చేసి చూసింది కదా, ఇప్పుడు మొత్తం వెడల్పు తెర మీదికి తెచ్చింది.

ఎడమ పక్కన తను చూసిన పసుప్పచ్చ గీత ఉంది. కుడి పక్కన, తమ బ్యాండు హద్దు దాటి చాలా అవతల, ఇంకో గీత ఉంది. ఇది లావుగా, ఎర్రగా ఉంది.

ఎడమ గీత ఆగినప్పుడల్లా కుడి గీత ఆగింది. అది మొదలైనప్పుడల్లా ఇదీ మొదలైంది. నిఖత్ చేయి మౌసు మీద అలాగే ఉండిపోయింది. తెర నడిమధ్య నుంచి ఇటు ఎంత దూరమో కొలిచింది, అటు ఎంత దూరమో కొలిచింది. రెండూ ఒకటే. కుడి గీత మీద నొక్కింది. అదే గొంతు, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నంత స్పష్టంగా. “ధీరే, ధీరే.”

ఇక కొలవాల్సిందేమీ లేదు. ఈ డబ్బీలాంటి చవక రకాలు వచ్చిన సంకేతాన్ని రెండు పాయలు చేసి లోపలికి పంపుతాయి. ఆ రెండు పాయల తూకంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, బాగా బలమైన గొంతు ఏదైనా వస్తే, దాని నీడ తెర మధ్యగీతకు అవతలి పక్క అంతే దూరంలో పడుతుంది. మంగలి షాపులో అద్దంలో మనం రెండో పక్క కనపడ్డట్టు. అక్కడ మనిషి ఉండడు, బొమ్మే ఉంటుంది. ఈ సంగతి మొదటి పాఠంలోనే ఉంటుంది. నిఖత్ దాన్ని చదివింది, పరీక్షలో రాసింది, పిల్లలకు చెప్పింది. తన దాకా వచ్చేసరికి మాత్రం, గీత తమ బ్యాండులో పడిందన్న ఉత్సాహంలో మధ్యగీతకు అవతల ఏముందో చూడలేదు.

యాసిన్ హ్యాముల బ్యాండులో ఎన్నడూ మాట్లాడలేదు. తన చోట తను మాట్లాడాడు. ఆమె డబ్బీ అతని నీడను తెచ్చి ఆమె ఇంట్లో పడేసింది.

అంత బలంగా ఎక్కణ్ణుంచి వచ్చిందబ్బా అని మిద్దె ఎక్కింది. హైవేకు అవతల, టైర్ల షాపు వెనక, క్రేను షెడ్డు రేకుల మీద ఒక గొట్టం, దాని కొసన యాంటెన్నా. పిలిస్తే పలికే దూరం. రోజూ మిరపకాయల మధ్య నిలబడి తన యాంటెన్నా వైపు చూసుకుంది తప్ప ఎదురుగా చూసిన పాపాన పోలేదు.

ఆమెకు సిగ్గేసింది. ఎవరూ చూడకపోయినా మొహం చెంగుతో కప్పుకునేంత సిగ్గేసింది. కిందికి దిగి దేవరాజుకు ఫోన్ చేసింది. మొత్తం చెప్పింది.

“నీడ అంటవు?”

“నీడే సార్. నేనే సరిగ్గ చూడలె.”

“చూడమ్మా,” అన్నాడాయన, గొంతు తగ్గించి. “కాయితం క్లబ్బు పేరు మీద పోయింది. సంతకం నాది. ఇప్పుడు తప్పయిందని మనమే రాస్తే రేపు మన మాట ఎవరింటరు? క్లబ్బు ఇజ్జత్ సంగతి. పై ఆఫీసోళ్లు పరీక్ష చేసుకుంటరు, వాళ్లకే తెలుస్తది. ముందు గద్వాల్ అయిపోనియ్యి. పరేషాన్ గాకు.”

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు పని సులువయ్యేది. ముందు గద్వాల్ అయిపోనీ అన్న మాట ఆమెకూ కాస్త హాయిగానే తోచింది. ఆ హాయిని తలుచుకుని ఆ తర్వాత ఆమె తనను తాను తిట్టుకుంది, అది వేరే సంగతి.

*

గద్వాలలో కాలేజీ హాలు నిండింది. పిల్లలు, ఇద్దరు ముగ్గురు టీవీ మెకానిక్కులు, అయిజ నుంచి సైకిల్ షాపు నడిపే హ్యామ్ ఒకాయన. నిఖత్ బాగా చెప్పింది. డబ్బీని చేతిలో పట్టుకుని అందరికీ చూపించింది. కిటికీకి చిన్న యాంటెన్నా తగిలించి, ఎఫ్ఎం స్టేషన్లు తెర మీద కొండల్లా లేచి నిలబడ్డం చూపించింది. హైదరాబాదు దిక్కు ఎగిరే విమానాల జాడ చూపిస్తే పిల్లలు బెంచీల మీద లేచి నిలబడ్డారు.

“దీంతోని మాట్లాడొచ్చా మేడం?” అని ఒక పిల్ల అడిగింది.

“ఇది వినేదే. ఎవరైనా వినొచ్చు. మాట్లాడాలంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. తీసుకున్నాక కూడా మన బ్యాండు దాటి మాట్లాడకూడదు. దాటితే ఇచ్చిన లైసెన్సు వెనక్కి తీసుకుంటారు.”

చివర్న ఆ రికార్డింగు తెరిచింది. ముందు వరసలో కూర్చున్న దేవరాజు కాలు మీంచి కాలు తీశాడు. నిఖత్ రెండు గీతలూ చూపించింది, ఏది అసలో ఏది నీడో ఎలా పట్టాలో చెప్పింది. “తెర మధ్యగీతను కాస్త జరపండి. అసలు గీత తన నంబరు వదలదు. నీడ మాత్రం ఉన్న చోటు వదిలి పారిపోతుంది. ఈ పరీక్ష చేయకుండా ఒకరు పొరపాటు పడ్డారు,” అంది.

‘ఒకరు’ అంది. ‘నేను’ అనడానికే నోరు తెరిచింది, ‘ఒకరు’ బయటికొచ్చింది.

చప్పట్లు కొట్టారు. అయిజ ఆయన లేచి, చాలా మంచి సాంకేతిక విషయం చెప్పారు మేడం, రాసుకున్నాం అన్నాడు. ఒక మనిషి వేళ్లు చితికిన సంగతి మంచి సాంకేతిక విషయమై చప్పట్లు కొట్టించుకుంది. నిఖత్ ఆ చప్పట్ల మధ్య నిలబడి, సన్మానానికి తెచ్చిన శాలువా కప్పుతుంటే తల వంచింది.

తిరుగు ప్రయాణంలో దేవరాజు కారు బీచుపల్లి వంతెన దాటేదాకా ఆయన ఉత్సాహంగానే ఉన్నాడు. “బాగ చెప్పినవ్. పేర్లు తీయకుండ చెప్పినవ్ చూడు, గదే కావాలె,” అన్నాడు.

నిఖత్ కింద కృష్ణ వైపు చూస్తోంది. “నన్ను క్రేను షెడ్డు కాడ దించుండ్రి సార్,” అంది.

ఆయన అద్దంలో ఆమె మొహం చూశాడు. షెడ్డు దగ్గర దించి, కారు కదిలించడానికి కాస్త ఆలస్యం చేసి, వెళ్లిపోయాడు.

*

షెడ్డు ముందు నుగ్గయిన కార్లు రెండు, ముక్కు లేని వ్యాను ఒకటి. యాసిన్, ఆ రోజు పల్లంలో అరిచిన నల్ల లుంగీ మనిషే, స్టూలు మీద కూర్చుని క్రేను ఇనుపతాడును గజం గజం ఒళ్లోకి లాక్కుంటూ గుడ్డతో తుడుస్తున్నాడు. ఎక్కడైనా పోగు తెగి ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. తగులుకున్న చోట ఎర్ర రంగు పూస్తాడు. పక్కన టైరు మీద, కుడిచేతికి పెద్ద కట్టుతో చిన్నయ్య కూర్చుని ఉన్నాడు. బస్సులోంచి చూసిన నడివయసు మనిషి.

ఆమె సలాం చెప్పింది. యాసిన్ సలాం అందుకుని, “చెప్పండి మేడం. బండి ఏమన్న ఆగిందా?” అన్నాడు.

“లేదు భాయ్. మీ సెట్లు పోయినయి కద. అది నా వల్లనే. నేనే మీ మాటలు రికార్డు చేసి పెట్టిన. మీరు మా బ్యాండ్ల మాట్లాడుతున్నరనుకున్న. తప్పు చూసిన. మీరు మాట్లాడలె.”

తాడు ఇంకో గజం జరిగింది. గుడ్డ ఆగలేదు.

“కాయితం చూపిచ్చిన మేడం,” అన్నాడు యాసిన్ నిదానంగా. “లైసెన్సుల ఉన్న నంబరు, సెట్ల ఉన్న నంబరు ఒకటే అని చూపిచ్చిన. కంప్యూటర్ల వేరే నంబరుంది, కంప్యూటర్ అబద్ధమాడుతదా అన్నరు. ఏం చెప్పాలె? నాకు కంప్యూటర్ తెల్వదు.”

“కంప్యూటర్‌ది కాదు తప్పు. నేను సగమే చూసిన.”

“మీకు ఉర్దూ వస్తది గద.”

“వస్తది.”

“మేం ఏం మాట్లాడుతున్నమో సమజయ్యే ఉంటది.”

“అయింది.”

అర్థమై కూడా ఎందుకు పంపారన్న తర్వాతి ప్రశ్న యాసిన్ అడగలేదు. అడిగి ఉంటే ఆమె ఏదో ఒకటి చెప్పేది. చిన్నయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లోంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“వేళ్లెట్లున్నయి?” అంది నిఖత్.

“ఉన్నయమ్మా. దవాఖానల ఒకటి నిలుస్తది, ఒకటి చెప్పలేమన్నరు,” అన్నాడు చిన్నయ్య. నింద లేదు ఆ గొంతులో. అదే ఆమెకు భరించరానిదైంది.

యాసిన్ గుడ్డను డబ్బాలో వేసి లేచాడు. “ఎల్లుండి పొద్దుగాల రిపోర్టు హైదరాబాద్ పోతదట. పోతే సెట్లూ లైసెన్సూ మళ్ల ఎన్నటికి వస్తయో. సెట్లు లేకుంటే హైవేవాళ్లు పిలుస్తలేరు. పిలిచినా పల్లంలకు మనిషిని దింపబుద్ధి అయితలేదు నాకు. రేపు మీరొచ్చి ఎస్సై మేడంకు గీ మాటే చెప్పుండ్రి. నేను వస్త. గని నన్నేం చెయ్యమనకుండ్రి. నేను చెప్పేటిది చెప్పేసిన.”

*

ఎస్సై అర్చన వయసులో నిఖత్ కంటే చిన్నది. మర్నాడు పోలీస్ స్టేషన్లో ఆమె గదిలో, గోడవారన బెంచీ మీద యాసిన్, చిన్నయ్య కూర్చున్నారు. నిఖత్ బతిమాలితే దేవరాజు కూడా వచ్చాడు గాని, కుర్చీ చూపించినా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. నిఖత్ లాప్‌టాప్ తెరిచి రికార్డింగు చూపించింది. ఎస్సై శ్రద్ధగానే చూసింది.

“మేడం, మీరు చెప్పేది నాకు కొంత సమజైతుంది. కాని మొన్న మీరే ఒక రికార్డింగు ఇచ్చి ఉన్నడు అన్నరు. ఇయ్యాల అదే రికార్డింగు చూపించి లేడు అంటున్నరు. నేనేం రాయాలె? నా ముందల జరిగితే రాస్త.”

“జరుగుతది. సెట్టు తెప్పియ్యండి. దాంట్ల ఎవరన్న మాట్లాడితే ఇక్కడనే రెండు గీతలు చూపిస్త.”

కానిస్టేబుల్ ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాసుకుని, పెట్టె విప్పి, నల్లటి సెట్లు రెండు బయటికి తీశారు. నిఖత్ డబ్బీ తగిలించి, కిటికీ చువ్వకు యాంటెన్నా కట్టింది. తెర మీద నీలం వాన మొదలైంది. అందరూ యాసిన్ వైపు చూశారు.

“నేను నొక్క,” అన్నాడు యాసిన్.

“మీకే మంచిది కద,” అంది ఎస్సై.

“నొక్కితే ఇంకో గీత పడ్తది మేడం. గది గూడ నా పేరు మీదనే రాస్తరు. నాకు గీతల భయం పట్టింది. చిన్నయ్య గూడ నొక్కడు.”

ఎస్సైకి విసుగొచ్చింది, గాని అతన్ని ఏమీ అనలేదు. కానిస్టేబుల్ చేయి సెట్టు వైపు కదిలితే కళ్లతోనే ఆపింది. “వద్దు. పట్టుకున్న సెట్టును మనోళ్లే వాడిండ్రని రేపు నన్నడుగుతరు. ఎవరూ నొక్కకపోతే ఇది ఇట్లనే పోతది. నేను చెయ్యగలిగింది లేదు.”

నిఖత్ బల్ల మీది సెట్టును చూసింది. హ్యామ్ లైసెన్సున్న మనిషి తన బ్యాండు దాటి మాట్లాడకూడదు. నిన్ననే గద్వాలలో ఆ పిల్లకు చెప్పింది. యాసిన్ చోట యాసిన్ మాట్లాడొచ్చు, అతని మనుషులు మాట్లాడొచ్చు. తను మాట్లాడితే, ఏ పని చేశాడని అతని మీద చెప్పిందో సరిగ్గా ఆ పని తను చేసినట్టు. పోలీసు బల్ల మీద, ఎస్సై కళ్లముందు, క్లబ్బు కార్యదర్శి సాక్షిగా.

చేయి చాపి సెట్టు అందుకుంది.

“నిఖత్,” అన్నాడు దేవరాజు తలుపు దగ్గర్నుంచి. “నువ్వు నొక్కొద్దమ్మా. లైసెన్సు పోతది. తెలుసు గద.”

“తెలుసు సార్.”

“ఎంత కష్టపడి తెచ్చుకున్నవు.”

ఆమె ఎడమచేత్తో సెట్టు మూతి దగ్గర పెట్టుకుంది. కుడిచేయి మౌసు మీద పెట్టింది. బొటనవేలితో మీట నొక్కింది. నొక్కాక ఏం మాట్లాడాలో ఆలోచించుకోలేదని అప్పుడు తెలిసింది. అలవాటు కొద్దీ కాల్‌సైన్ నోటిదాకా వచ్చింది. అది ఇక్కడ చెల్లదు.

“నా పేరు నిఖత్,” అంది సెట్టులోకి. “మాట్లాడుతున్నది నేను. కొత్తకోట నిఖత్.”

తెర మీద కుడి పక్క ఎర్రగా లావుపాటి గీత పడింది. ఎడమ పక్క, హ్యాముల బ్యాండు హద్దు లోపల, పసుప్పచ్చని గీత పడింది. ఎస్సై కుర్చీలోంచి ముందుకు వంగింది. నిఖత్ వేలు తీయకుండానే కుడిచేత్తో మధ్యగీతను మెల్లగా జరిపింది. ఎర్రగీత తన నంబరు మీద అలాగే ఉంది. పసుప్పచ్చ గీత చోటు వదిలి పక్కకు జరిగింది, ఇంకా జరిగింది, బ్యాండు హద్దు దాటి అవతలికి పోయింది.

“ఇక్కడ కూడ మీరే ఉన్నట్టు కనపడుతుంది,” అంది ఎస్సై, పసుప్పచ్చ గీత మీద వేలు పెట్టి.

“కనపడుతున్న. అక్కడ లేను. ఈయన కూడా లేడు.”

ఎస్సై చాలాసేపు తెర వైపు చూసింది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుంది. “ఎవరు నొక్కిండ్రో కూడ రాయాల్సొస్తది మేడం. తప్పించి రాయలేను.”

“రాయండి.”

దేవరాజు కిటికీ వైపు తిరిగాడు. జేబులోంచి రుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడవడం అయ్యాక బల్ల దగ్గరికి వచ్చి, ఇందాక వద్దన్న కుర్చీలో కూర్చున్నాడు. “కంప్లైంటు కింద సంతకం నాది మేడం. వాపస్ తీసుకుంటున్నమని నేను గూడ రాసిస్త,” అన్నాడు.

నిఖత్‌కు అది వినపడింది గాని తలకెక్కలేదు. బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గోరు తెల్లబడింది. మాట అయిపోయినా తెర మీద రెండు గీతలూ ఆగకుండా కిందికి దిగుతూనే ఉన్నాయి.

యాసిన్ బెంచీ మీంచి లేచి వచ్చాడు.

“వేలు తీయండి మేడం,” అన్నాడు. “నొక్కి పట్టుకుంటే అవతలోనికి మాట్లాడనీకి రాదు.”

ఆమె వేలు తీసింది. గీతలు రెండూ ఒక్కసారే ఆగాయి. యాసిన్ ఎస్సై వైపు చూశాడు, ఆమె రాసుకుంటూనే తల ఊపింది. అతను అట్టపెట్టె పక్కనున్న రెండో సెట్టు తీసుకుని, పనికి దిగేముందు చూసుకున్నట్టు బ్యాటరీ ఒకసారి తట్టి చూసి, మూతికి జానెడు దూరంలో పట్టుకుని మీట నొక్కాడు.

“ఇనబడ్డది,” అన్నాడు. “చెప్పండి, నిఖత్ మేడం.”